పేడపురుగుకి దారివ్వండి!

పేడ మనకి కొత్తేమీ కాదు. వాకిట్లో కళ్ళాపి చల్లిన చేతులు, గోడకి పిడకలు కొట్టిన చేతులు, సంక్రాంతికి గొబ్బెమ్మలు చేసి గుమ్మడిపువ్వు గుచ్చిన చేతులు మనవి. అపార్టుమెంట్లు వచ్చాక కళ్ళాపి చల్లే వాకిళ్ళు తగ్గిపోయాయి గానీ, పేడని చూసి ముక్కు మూసుకునే అలవాటు మనలో చాలామందికి ఇప్పటికీ లేదు. అదే, ఆ పేడని ఉండచేసి దొర్లించుకుపోయే నల్లపురుగు కనబడిందనుకోండి, "ఛీ, పేడపురుగు!" అంటూ పిల్లల్ని వెనక్కి లాగేస్తాం. చేతిలో చీపురుంటే ఒక్కటి వేస్తాం కూడా.

అలాంటి పురుగు కోసం రోడ్డు పక్కన బోర్డులు పెట్టి, కార్లూ జీపులూ ఆపించే చోటు ఒకటి ఉంది. అదే దక్షిణాఫ్రికాలోని 'ఆడో ఏనుగుల జాతీయవనం'. పేరు ఏనుగులదే అయినా, అక్కడ చూసి తీరాల్సిన ప్రాణి ఇంకొకటి ఉంది. అది రెక్కల్లేని పేడపురుగు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'సర్సీలియం బాకస్'. ఇది దక్షిణాఫ్రికాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అక్కడ కూడా దక్షిణపు కొసన కొద్దిచోట్లే మిగిలింది. వాటిలో ముఖ్యమైన చోటు ఈ ఆడో.

ఎలా వెళ్ళాం?

మా అమ్మాయి, అల్లుడుగారు ఉద్యోగరీత్యా జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్నారు. డిసెంబరులో మేమిద్దరం వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. మనకి చలి వణికించే డిసెంబరు వాళ్ళకి మంచి ఎండాకాలం. పేడపురుగులు హుషారుగా తిరిగే కాలం కూడా అదే.

జొహానెస్‌బర్గ్ నుంచి విమానంలో గంటన్నర పైచిలుకు ప్రయాణం చేస్తే, దక్షిణ సముద్రతీరంలో ఒకప్పుడు పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచిన ఊరు వస్తుంది. 2021లో ఆ ఊరి పేరుని ఖోసా భాషలో 'గెబెర్హా' అని మార్చారు. మనం రాసినట్టు పలికితే సరిపోదు, నాలుకని అంగిలికి ఆనించి టక్కుమని చప్పుడు చెయ్యాలి. మావారు హోటల్లో కుర్రాడి దగ్గర పది నిమిషాలు సాధన చేసినా ఆ టక్కు రాలేదు!

అక్కడినుంచి ఆడోకి కారులో గంట ప్రయాణం. మనలాగే అక్కడా ఎడమవైపే నడుపుతారు కాబట్టి కంగారు లేదు. దారంతా నారింజ తోటలు. సండేస్ నది లోయలో పండే ఈ నారింజలు చాలా దేశాలకి వెళ్తాయి. తోటలు దాటగానే ఒక్కసారిగా పొదలు మొదలవుతాయి. అడవి అంటే మనం ఊహించుకునే ఎత్తైన చెట్లుండవు. మనిషి ఎత్తుకి కాస్త పైగా, చెయ్యి దూరనంత దట్టంగా అల్లుకుపోయిన ముళ్ళపొదలు. వాటి మధ్యన పచ్చగా, దళసరి ఆకులతో నిగనిగలాడే మొక్క ఒకటి ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాని పేరు స్పెక్‌బూమ్.

ఏనుగుకి ఇష్టమైన పుల్లకూర

ఈ స్పెక్‌బూమ్‌ని మీరు చూడలేదనుకోకండి. మన నర్సరీల్లో 'జేడ్ మొక్క' అని చిన్న కుండీల్లో పెట్టి అమ్మేది చాలావరకు ఇదే. మా బాల్కనీలో ఉన్నదాన్ని అక్కడ ఏనుగు ఎత్తున చూసి నాకు నవ్వొచ్చింది. ఏనుగులకి ఇదంటే ప్రాణం. మనుషులు కూడా తింటారు, లేత ఆకుల్ని సలాడ్లలో వేసుకుంటారు. నేనూ ఒక ఆకు రుచి చూశాను. మన గంగవాయిలి కూరలాగా పుల్లపుల్లగా, జిగురుగా ఉంది.

దీని పులుపులో ఒక తమాషా ఉంది. పొద్దున్నే కోస్తే బాగా పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోస్తే పులుపు తగ్గుతుంది. పగటి ఎండకి నీరు ఆవిరైపోకుండా ఈ మొక్క ఆకుల్లోని రంధ్రాల్ని మూసుకుని, రాత్రిపూట తెరిచి గాలి పీల్చుకుంటుంది. ఆ గాలిని ఆమ్లంగా మార్చి ఆకుల్లో దాచుకుంటుంది. పగలంతా దాన్ని వాడేసుకుంటుంది. రాత్రి పప్పు నానబోసి పగలు వండుకునే మన పద్ధతే అన్నమాట.

ఏనుగు దీన్ని పైనుంచి విరుచుకుని తింటుంది. కింది కొమ్మలు నేలకి వాలి, అక్కడే వేళ్ళు తొడిగి మళ్ళీ మొక్కలవుతాయి. మేకలు మాత్రం కింది నుంచి కొరికేసి మొక్కనే ఎండబెట్టేస్తాయి. అందుకే ఏనుగులున్నచోట ఈ పొదలు పచ్చగా ఉన్నాయి, మేకల్ని విపరీతంగా మేపినచోట నేల బోసిపోయింది.

బోర్డు దగ్గర ఆగాం

వనంలోకి వెళ్ళిన కాసేపటికే ఆ బోర్డు కనిపించింది. పేడపురుగు బొమ్మ వేసి, దారి వాటిదేనని రాసి ఉంది. అల్లుడుగారు ఉన్నట్టుండి బ్రేకు వేసి, "అత్తయ్యగారూ, ఎడమవైపు కిందకి చూడండి" అన్నారు. ఏనుగు పేడ కుప్ప పక్కన నల్లగా, గుండ్రంగా, వీపు డొప్పలా ఉబ్బిన పురుగు ఒకటి నడుస్తోంది. వీటిలో చిన్నవి రెండు సెంటీమీటర్లుంటే, పెద్దవి నాలుగు సెంటీమీటర్లు దాటతాయి. పెద్దదాన్ని చూస్తే సగానికి కోసి బోర్లించిన నిమ్మచెక్కకి నల్లరంగు వేసినట్టుంటుంది. తల ముందుభాగం పార అంచులాగా పలచగా ఉంటుంది. దాంతోనే తవ్వుతుంది, దాంతోనే పేడని కోస్తుంది.

మన ఊళ్ళలో పేడపురుగులు బుర్రుమని ఎగురుతూ వచ్చి దీపం చుట్టూ తిరుగుతాయి కదా. ఇది ఎగరలేదు. వీపు మీది గట్టి డొప్పలు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి, వాటి కింద ఎగిరే రెక్కలే లేవు. రెక్కలుండాల్సిన చోట గాలి నిలవ ఉండే ఖాళీ గది ఒకటి ఉంది. ఊపిరి ఎక్కువగా కుడివైపున్న ఒకే ఒక్క రంధ్రం నుంచి తీసి వదులుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి తేల్చారు. మూత తరచూ తీస్తే గిన్నెలో ఆవిరంతా పోతుందని మనకి తెలుసుగా? వానలు తక్కువ పడే ఆ నేలలో, ఒంట్లోని చెమ్మ బయటికి పోకుండా ఆ పురుగు చేసుకున్న ఏర్పాటు ఇది.

ఎగరలేని పురుగు ఎంత దూరం పోగలదు? కాళ్ళు పోయినంత దూరమే. కాబట్టి దానికి కావలసిన పేడ దగ్గర్లోనే ఉండాలి, ఏడాది పొడుగునా ఉండాలి. అంటే ఏనుగులు ఉండాలి. ఇక్కడి ఏనుగుల కథ వింటే మాత్రం గుండె చెరువవుతుంది.

పదకొండు ఏనుగులు

ఈ లోయలో తోటలూ పొలాలూ పెరిగేకొద్దీ ఏనుగులు వచ్చి పంటలు తొక్కేస్తున్నాయని, నీళ్ళ తొట్లు పాడుచేస్తున్నాయని రైతులు మొరపెట్టుకున్నారు. 1919లో ప్రభుత్వం మేజర్ ప్రిటోరియస్ అనే వేటగాణ్ణి పంపింది. ఏడాది పైచిలుకు కాలంలో వందకి పైగా ఏనుగుల్ని చంపేశాడు. ఆ తరవాత జనంలో జాలి పుట్టింది. 1931లో ఈ వనాన్ని ప్రకటించేనాటికి అందులో మిగిలినవి పదకొండంటే పదకొండు ఏనుగులు.

కంచె లేని వనంలో ఏనుగులు ఆగుతాయా? తోటల్లోకి పోకుండా ఉండాలని వాటికి నారింజలు వేయడం మొదలుపెట్టారు. అయినా అవి పొలాల మీదికి పోతూనే ఉన్నాయి. చివరికి 1954లో వనం అధికారి గ్రాహమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక ఉపాయం చేశాడు. పాత ట్రాము పట్టాల్ని స్తంభాలుగా పాతి, లిఫ్టులకి వాడే ఇనప తాళ్ళు బిగించి, ఏనుగు తొయ్యలేని కంచె కట్టాడు. అప్పటికి ఏనుగులు ఇరవై రెండు. ఇప్పుడు ఆరు వందలకి పైనే ఉన్నాయి.

నారింజల అలవాటు వల్ల ఏనుగులు ఒకదాన్నొకటి కుమ్ముకోవడం, పండు వాసన తగిలితే మీద పడటం ఎక్కువైంది. 1979లో ఆ పద్ధతి మానేశారు. ఈనాటికీ వనంలోకి నారింజ, నిమ్మజాతి పళ్ళు తీసుకుపోనివ్వరు. మా సంచిలో పులిహోర కోసం పెట్టుకున్న నాలుగు నిమ్మకాయల్ని అమ్మాయి ముందే గుర్తుచేసి ఇంట్లోనే తీయించేసింది.

ఇంకో సంగతి గమనించాం. అక్కడి ఆడ ఏనుగుల్లో నూటికి తొంభైకి పైగా దంతాలు లేనివే. వేట తరవాత మిగిలిన ఆ కొద్ది ఏనుగుల సంతానమే మళ్ళీ మంద అయింది. పాత గాయం ఇన్ని తరాల తరవాత కూడా ముఖం మీద కనబడుతోంది.

ఆ కంచె ఏనుగుల కోసం కట్టిందే. కానీ దాని నీడలో ఈ పురుగు కూడా బతికిపోయింది. ఏనుగు ఒక్కటి రోజుకి వంద కిలోల దాకా పేడ వేస్తుంది. పిల్ల ఏనుగులున్నాయి కాబట్టి సగమే లెక్కేసుకున్నా, ఆరు వందల ఏనుగులకి రోజుకి ముప్ఫై టన్నులు! ఏనుగు తిన్నదాంట్లో సగం కూడా అరగదు. మిగతా అంతా పేడపురుగులకి, పక్షులకి, చిన్నచిన్న ప్రాణులకి వడ్డించిన విస్తరి.

పెద్దలకో వంట, పసిదానికో వంట

ఈ పురుగు సంసారం వింటే మీరు ముచ్చటపడతారు. తను తినడానికి ఏనుగు పేడంటే ఇష్టం. పిల్ల కోసం మాత్రం అడవిదున్న పేడ వెతుక్కుంటుంది. ఏనుగు పేడలో పుల్లలూ పీచూ ఎక్కువ. దున్న నెమరువేసే జంతువు కాబట్టి దాని పేడ మెత్తగా, నలిగినట్టుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆవకాయన్నం పెట్టి, పసిదానికి మెత్తగా పప్పన్నం కలిపే మనకి ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

పిల్ల కోసం చేసిన ఉండని దొర్లించేది ఎవరనుకున్నారు? ఉండలు దొర్లించే చాలా జాతుల్లో ఆ బరువు మగపురుగుది. ఇక్కడ మాత్రం ఆడదానిదే. ముందుకాళ్ళు నేలకి ఆనించి, తల కిందికి పెట్టి, వెనక కాళ్ళతో ఉండని తోస్తూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. మగపురుగు వెంట వస్తుంది. మేం చూసిన జంట రాళ్ళ మీద పడుతూ లేస్తూ రోడ్డు దాటడానికి పావుగంట పట్టింది. "చూశావా, తోడు వస్తున్నాడు కదా!" అన్నారు మావారు. "తోడు రావడం వేరు, తొయ్యడం వేరు" అన్నాను. వెనక సీట్లో అమ్మాయి ఒకటే నవ్వు. ఊరి పేరే ఆడో. ఆడో మగో అని సందేహం అక్కర్లేదు, ఇక్కడ పని ఆడదానిదే!

ఈజిప్టువాళ్ళు పూర్వం ఇలాంటి పురుగునే పూజించేవారు. పేడ ఉండని దొర్లించే పురుగులాగే ఖెప్రి అనే దేవుడు సూర్యుణ్ణి ఆకాశంలో దొర్లిస్తాడని వాళ్ళ నమ్మకం. రాతితో ఆ పురుగు బొమ్మలు చెక్కి తాయెత్తుల్లా కట్టుకునేవారు. అయితే సుమారు 1900 ఏళ్ళ కిందట ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత ఈ జాతిలో ఆడవే ఉండవని, అన్నీ మగవేనని రాసిపెట్టాడు. ఉండలో పిల్లని పెట్టేది, నేలలో కాపలా ఉండేది ఆడది. పైకి కనబడకుండా చేసే పని లెక్కలోకి రాకపోవడం ఆనాటినుంచే ఉందన్నమాట!

అనువైన చోటు దొరకగానే ఉండని నేలలో పూడ్చి, తల్లి దానిలో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ ఉండని లోపలినుంచి తింటూ పెరుగుతుంది. ఉండే దానికి ఇల్లు, ఉండే దానికి అన్నం. దోమలు, ఈగలు వందల గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. ఈ తల్లి అలా కాదు. ఒక్క పిల్ల కోసం నెలల తరబడి చీకట్లో ఉండ దగ్గరే ఉండిపోతుంది.

చక్రం కింద ఒక ఏడాది

ఇప్పుడు ఆ బోర్డు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. ఏనుగులకి కూడా పొదల్లో కంటే రోడ్డు మీద నడక సుఖం. నడుస్తూ పేడ వేస్తాయి. ఆ పేడ కోసం పురుగులు రోడ్డు మీదికి వస్తాయి. కారు వస్తోందని ఎగిరిపోవడానికి రెక్కలు లేవు. పేడ కుప్ప మీదినుంచి కారు పోనిస్తే లోపల ఎన్ని పురుగులున్నాయో పైకి తెలియదు. అందుకే పురుగుల మీదినుంచే కాదు, పేడ మీదినుంచి కూడా పోనివ్వొద్దని చెబుతారు.

వందల పిల్లల్ని కనే జాతిలో పది పోయినా మళ్ళీ పుట్టుకొస్తాయి. ఒక్కో పిల్లని నెలల కొద్దీ సాకే జాతిలో ఒక తల్లి పోతే ఆ ఏటి సంసారమంతా పోయినట్టే. ఒకప్పుడు ఈ పురుగులు ఆఫ్రికా దక్షిణభాగంలో చాలా విస్తారంగా ఉండేవి. పెద్ద జంతువులు వేటకి పోయాయి, పొదలు నరికి పొలాలు చేశారు. మధ్యన మిగిలిన తునకల్లో ఇవి చిక్కుకుపోయాయి. ఒక తునక నుంచి ఇంకో తునకకి ఎగిరి పోలేవు. కాబట్టి ఒకచోట అంతరిస్తే అక్కడ మళ్ళీ వాటంతట అవి రావు.

ఈ వనం 1931 తరవాత పెరుగుతూ వచ్చి ఇప్పుడు 1,600 చదరపు కిలోమీటర్లు దాటింది. ఏనుగులకి, దున్నలకి చోటు పెరిగినకొద్దీ పురుగుకీ చోటు పెరుగుతుంది. పెద్దవాటి ఇల్లు నిలబడితేనే చిన్నవాటి పొయ్యి వెలుగుతుంది.

పేడపురుగు లేకపోతే?

పేడపురుగులు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియా సంగతి చెప్పుకోవాలి. 1788లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు తమతో ఆవుల్ని తెచ్చారు. అక్కడి పేడపురుగులకి కంగారూల పొడి పెంటికలు అలవాటు గానీ, తడి పేడ కుప్పలు చేతకావు. దాంతో పేడ నెలల తరబడి ఎండి నేలమీదే ఉండిపోయింది. గడ్డి పెరగలేదు, ఈగలు మాత్రం లక్షల్లో పెరిగాయి. చివరికి జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రజ్ఞుడి చొరవతో ఆఫ్రికా తదితర ప్రాంతాల నుంచి పేడపురుగుల్ని తెప్పించి, 1968 నుంచి అక్కడి పొలాల్లో వదిలారు. అవి పేడని నేలలోకి దించాయి, నేల గుల్లబారింది, ఎరువు అందింది, అవి బాగా స్థిరపడ్డచోట ఈగలు తగ్గాయి.

వీటి తెలివికి ఇంకో ముచ్చట. రాత్రిపూట ఉండలు దొర్లించే ఒక ఆఫ్రికా జాతి పురుగులకి చిన్నచిన్న అట్ట టోపీలు పెట్టి, ఆకాశం కనబడకుండా చేశారు. అవి దారి తప్పి గుండ్రంగా తిరిగాయి. టోపీ తీసేస్తే తిన్నగా నడిచాయి. పాలపుంత వెలుగు చూసుకుని దారి పట్టుకుంటాయని 2013లో మారీ డాకే, మార్కస్ బర్న్ బృందం నిరూపించింది. జొహానెస్‌బర్గ్ ప్లానెటేరియంలో చేసిన ఈ పరీక్షకి ఆ ఏడాదే, ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

పురుగుల్ని చూడాలంటే నవంబరు నుంచి మార్చి లోపు, ఎండ కాసే రోజున వెళ్ళండి. వాన పడ్డ మర్నాడైతే మరీ మంచిది. వనంలోనే వంటగది ఉన్న కాటేజీలు దొరుకుతాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. జొహానెస్‌బర్గ్‌లో మనవాళ్ళ దుకాణాలు ఎక్కువగా ఉండే ఫోర్డ్స్‌బర్గ్‌లో పప్పు, ఇంగువ, పచ్చళ్ళు కొనుక్కోవచ్చు. మేం మూడు రోజులూ చారన్నంతో, వేపుళ్ళతో హాయిగా గడిపాం. చెప్పినచోట తప్ప కారు దిగకూడదు. 2003లో సింహాల్ని కూడా తెచ్చి వదిలారు మరి! ఏనుగుల కోసం తల ఎత్తి చూస్తూ కూర్చోకుండా, ఒకళ్ళు రోడ్డు వంక చూస్తూ ఉండండి. నెమ్మదిగా నడపమని డ్రైవరుకి చెప్పండి.

అంతదూరం వెళ్ళలేనివాళ్ళు విచారించనక్కర్లేదు. పేడపురుగులు మన పొలాల్లోనూ చాలా రకాలున్నాయి. పశువులున్న ఇల్లయితే ఒక్క జాగ్రత్త తీసుకోండి. నులిపురుగులకి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు కొంత పేడలోకి దిగి, అందులో పెరిగే పేడపురుగుల పిల్లల్ని చంపేస్తాయి. పశువుల డాక్టరు చెప్పినప్పుడే, చెప్పినంతే వాడండి. వానాకాలంలో ఊరెళ్ళినప్పుడు పొలం గట్టున ఉండ దొర్లించే పురుగు కనబడితే పిల్లల్ని వెనక్కి లాగకండి. పక్కన కూర్చోబెట్టి, అది ఎక్కడ పూడుస్తుందో చూడమనండి. అది దాటేదాకా బండి ఆపమని మీవారికీ చెప్పండి.